మార్తమ్మ నీళ్ళు తాగిన రోజు

2023 ఎండాకాలం. మార్కాపురంలో మాది పైపులు, కుళాయిలు, బాత్రూమ్ సామాను అమ్మే దుకాణం. మా మామగారు పెట్టింది. మా ఆయన బడిపంతులు, ఆయన చేతిలో సుద్దముక్క తప్ప ఇంకే సామానూ నిలవదు. అందుకని మామగారు పోయాక గల్లా దగ్గర కుర్చీ నాకే వచ్చింది. మొదట్లో వచ్చినవాళ్ళంతా నన్ను దాటి లోపలికి తొంగిచూసి "సేటు లేడా అమ్మా?" అనేవాళ్ళు. "సేటు నేనే, ఏం కావాలో చెప్పు" అని అనీ అనీ నా గొంతు కాస్త పెద్దదయింది. ఇప్పుడు పొదిలి నుంచి పుల్లలచెరువు దాకా మేస్త్రీలందరికీ నేను పైపులక్కని.

నేల మీద గొంతుకూర్చునే పాత రకాన్ని మావైపు బేసిన్ అంటారు. కుర్చీలా కూర్చునేది కమోడ్. మోకాళ్ళ నొప్పులు, తుంటి ఆపరేషన్లు ఎక్కువయ్యాక బేసిన్ తీసేసి కమోడ్ పెట్టుకునేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు. కొత్తది బిగించడానికి ప్లంబర్లు పిలిచిన వెంటనే వస్తారు. వాడిన బేసిన్ పీకమంటే మాత్రం ఒక్కడూ రాడు. "పీకే మనిషిని మీరు చూసుకోండి, పీకినాక ఫోన్ చేయండి" అంటారు. ఆ పీకే మనిషి ఊరి చివర కాలనీ నుంచి రావాలని ఎవరూ నోటితో అనరు. అందరికీ తెలుసు. నేను కూడా ఆ మాట గల్లా దగ్గర కూర్చుని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఒక మధ్యాహ్నం ఏసోబు అనే అతను వచ్చాడు. నలభై దాటిన మనిషి, లగేజీ ఆటో తోలుతాడు, పనుల్లేనప్పుడు కూలికి పోతాడు. పుల్లలచెరువు అవతల అడవి అంచున వాళ్ళ పల్లె. వాళ్ళమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరిగిందట. ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది, కానీ గొంతుకూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"కమోడ్ కావాలక్కా. మంచిది చూడు. పైన ట్యాంకీ ఉండి, బటన్ నొక్కితే నీళ్ళొచ్చేది."

"నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తయ్ నాయనా? మీ ఊరికి ట్యాంకర్ వస్తేనే గదా నీళ్ళు?"

"అవునక్కా."

"ఒక్కసారి బటన్ నొక్కితే అర బకెట్ పైనే పోతది. ట్యాంకీ వద్దు. ఉత్త కమోడ్ తీసుకో, చెంబుతో పోసుకుంటే సరిపోతది. దాని బదులు గోడకు పట్టుకునే రాడ్డు ఒకటి తీసుకో."

అమ్ముకోవాల్సిన దాన్ని వద్దని చెప్తుంటే అతను నన్ను అనుమానంగా చూశాడు. మా గుమాస్తా ఇంకా అనుమానంగా చూశాడు. నేను పట్టించుకోలేదు. మాటల్లో మాటగా, నోటికి అలవాటైన వాక్యం కూడా అనేశాను. "పాత బేసిన్ పీకే మనిషిని చూసుకో మరి. పీకినాక ప్లంబర్ని పంపిస్తా."

ఏసోబు నేల చూశాడు. "ఆ పీకే మనుషులం మేమే గదక్కా" అన్నాడు.

కోపంగా అనలేదు. అతనే మళ్ళీ అందుకున్నాడు. "నేనే పీకుతా, నాకేం ఇబ్బంది లేదు. మా అమ్మే ఒప్పుకోటల్లేదు. చచ్చినా నా కొడుకు దొడ్డిలో చెయ్యి పెట్టకూడదంటది. మార్కాపురంలో ఆడపిల్లల హాస్టల్లో బాత్రూములు కడిగి నన్ను సాకింది. ఆ పని తనతోనే ఆఖరని ఒట్టు పెట్టుకుంది."

"మరి ఇప్పుడు ఎట్లా చేస్తోంది?"

ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో బొక్క కోసి బేసిన్ మీద పెట్టారట. మావైపు అందరూ చేసేదే. తడి నేల మీద కుర్చీ కాలు జారి ఆమె పడబోయింది. ఇతని భార్య రూతు పట్టుకోబట్టి సరిపోయింది. అప్పటినుంచి ఆమెకు బాత్రూమ్ అంటే వణుకు. గిన్నె ఉండే రోగుల కుర్చీ తెస్తామంటే "ఆ గిన్నె నా కోడలు మొయ్యాలా?" అని ఆ మాటే ఎత్తనియ్యలేదు. ఆమె కనిపెట్టిన ఉపాయం ఒక్కటే, తినడం తాగడం మానేయడం. నీళ్ళు తాగకపోతే లేవాల్సిన పని ఉండదు గదా. ఆ ఎండల్లో రోజుకు రెండు మూడు గుక్కలు. ఒకసారి జ్వరమొచ్చి ఆస్పత్రికి తీసుకుపోతే, ఇట్లాగే చేస్తే కిడ్నీలు పోతాయని చెప్పి పంపారు.

నాకు ఒక పక్క ఏదో గుర్తొస్తోంది. "ఏ హాస్టల్?" అన్నాను. చెప్పాడు.

"మీ అమ్మకు ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉందా?"

"నీకెట్ల తెలుసక్కా?"

నాది హనుమంతునిపాడు పక్క పల్లె. ఆరు నుంచి పది దాకా ఆ హాస్టల్లోనే చదువుకున్నాను. ఆమెను మేమంతా ఆయా అని పిలిచేవాళ్ళం. మార్తమ్మ అనే పేరు ఉందని నాకు దుకాణంలో ఏసోబు చెప్తేనే తెలిసింది.

ఎండాకాలం హాస్టల్ బోరు ఎండిపోయేది. ట్యాంకర్ తెల్లవారకముందే వచ్చేది. మేం లేచేసరికి ఆయా డ్రమ్ములు నింపి, బాత్రూములు కడిగి, వాకిట్లో నిలబడి "ఒక్కొక్కరే రాండి, అందరికీ వస్తయ్ నీళ్ళు" అని అరుస్తుండేది. పదో తరగతి పరీక్షలప్పుడు నాకు విరేచనాలు పట్టుకున్నాయి. తాగితే మళ్ళీ పోతాయని భయపడి నీళ్ళు ముట్టకుండా మంచానికి అతుక్కుపోయాను. ఆయా ఉప్పు, చక్కెర కలిపిన గ్లాసు నా నోటి దగ్గర పెట్టి, "తాగు తల్లీ, భయపడబాకు. బాత్రూమ్ ఉంది, నేనుండా" అంది. పొద్దున పరీక్షకు పోయేదాకా బాత్రూమ్ తలుపు బయట బకెట్ పెట్టుకుని అక్కడే కూర్చుంది.

ఆ మనిషి ఇప్పుడు నీళ్ళు తాగడానికి భయపడుతోంది.

"ఏసోబూ, సామాను ఆటోలో వెయ్యి. దుకాణం సెలవు రోజు నేనే వస్తా" అన్నాను. నేనెందుకో అతను అడిగాడు. "చూద్దాం పద" అన్నాను. నిజానికి ఎందుకో నాకూ అప్పటికి తెలియదు. ఇన్నేళ్ళలో వందల కమోడ్లు అమ్మిన దాన్ని, ఒక్క బేసిన్ కూడా పీకిన దాన్ని కాను.

*

ఏసోబు ఆటోలో, ముందు సీట్లో ఇరుక్కుని కూర్చుని వాళ్ళ పల్లె చేరేసరికి నాలుక పిడచగట్టింది. సర్కారు ఇల్లు, చిన్న వాకిలి, వాకిలి మూలన రేకు తలుపు బాత్రూమ్. పెద్దామె వసారాలో నులక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. అదే మచ్చ. మనిషి మాత్రం సగమయింది.

రూతు స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "వద్దమ్మా, దప్పిక లేదు" అన్నాను.

రూతు గ్లాసు వెనక్కి తీసుకుంది. ఏసోబు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మండుటెండలో అంత దూరం వచ్చిన మనిషి దప్పిక లేదంటే వాళ్ళు ఏమనుకుంటారో నాకు అప్పుడు తట్టింది. మా ఊళ్ళలో ఆ ఇళ్ళలో నీళ్ళు ముట్టని మనుషులు ఇంకా ఉన్నారు. నన్నూ వాళ్ళలో కలిపేశారు. నాకు సిగ్గేసింది.

"అమ్మా రూతూ, గ్లాసు ఇట్లా తే. అసలు సంగతి చెప్తా విను. నేను ఊరు దాటితే నీళ్ళు తాగను. దారిలో ఆడమనిషికి చోటెక్కడుంది? మార్కాపురం నుంచి ఎర్రగొండపాలెం దాకా మగవాళ్ళకు ప్రతి చెట్టూ బాత్రూమే, మనకు ఒక్కటీ లేదు. అదీ నా భయం. ఇంకేం లేదు."

మంచం మీంచి నవ్వు వినిపించింది. పొడిగా, దగ్గుతో కలిసిన నవ్వు. "నువ్వు గూడా నా జట్టేనా అమ్మా?" అంది మార్తమ్మ. ఆమె పక్కన స్టూలు మీద నిండు గ్లాసు, దానిమీద మూత. పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది.

నేను గ్లాసెడు నీళ్ళూ తాగి ఇంకో గ్లాసు అడిగాను. "నువ్వు గూడా తాగు" అన్నాను. "అది మారినాక చూద్దాంలే" అని బాత్రూమ్ వైపు గడ్డం చూపించింది.

తర్వాత నేను సంచిలోంచి రబ్బరు గ్లౌజులు తీస్తుంటే ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "ఎవరు పీకేది?"

"నేను."

"నువ్వా! సేటమ్మవు, నీకేం ఖర్మ?"

"నేను హాస్టల్ పిల్లని ఆయమ్మా. ఐదేళ్ళు మా బాత్రూములు నువ్వు కడిగినావు."

ఆమె నన్ను తేరిపార చూసింది. గుర్తు పట్టలేదు. "ఎంతమంది పిల్లలు తల్లీ, ఎట్ల గుర్తుంటారు? అయినా అది జీతానికి జేసిన పని. దానికి నువ్వెందుకు జెయ్యాల?"

"జీతం సర్కారిచ్చింది. మేమేమిచ్చినాం?"

నేను గ్లౌజులు వేసుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సుత్తి, ఉలి పట్టుకుని బాత్రూములోకి పోయాను. మొదటి దెబ్బ ఉలి మీద కాకుండా నా బొటనవేలి మీద పడింది. రెండోది గోడకు తగిలింది. మూడోది వేయకముందే ఏసోబు వచ్చి నా చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు.

"నువ్వొద్దురా!" అని వసారాలోంచి కేక.

ఏసోబు సుత్తితోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఊరోళ్ళ దొడ్లు కడగొద్దని గదా నువ్వు జెప్పింది? కడగలా. ఎప్పటికీ కడగను. ఇది మన ఇల్లు. మనింట్లో, నీ కోసం నేను జేసుకుంటే అది ఆ పని ఎట్లయితది? ఈమె వచ్చి చెయ్యి నలగ్గొట్టుకుంటుంటే నేను చేతులు కట్టుకుని చూడమంటావా?"

రూతు పని ఆపేసి అత్త ముఖం వంకే చూస్తోంది. చివరికి మార్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అట్లయితే చేతులకు ఆ తొడుగులేసుకో. మాకెవరూ ఇయ్యలా అవి. ముందు బ్లీచింగ్ నీళ్ళు పోసి కాసేపు వదిలెయ్. బ్లీచింగ్ మీద యాసిడ్ మాత్రం పొయ్యబాకండి, ఆ ఆవిరికి ఊపిరాడదు. రూతూ, తలుపు బార్లా తెరువు."

అక్కడినుంచి పని ఆమె చేతిలోకి పోయింది. మంచం మీంచి కదలకుండా ఆమె చెప్తుంటే మేం ముగ్గురం చేశాం. ఇంట్లో ఇట్లాంటి పని పెట్టుకునేవాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. బేసిన్ చుట్టూ ఉన్న సిమెంటును ఉలితో కొద్దికొద్దిగా, బయటి వైపుకే కొట్టాలి. బేసిన్ కింద వంకీ గొట్టం ఉంటుంది, దాన్ని ట్రాప్ అంటాం. అందులో ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్ళే సెప్టిక్ గుంట వాసన పైకి రాకుండా ఆపుతాయి. కమోడ్‌కు దాని ట్రాప్ దానికే ఉంటుంది కాబట్టి పాతది తప్పకుండా తీసేయాలి. లేకపోతే రెండు వంకీల మధ్య ఇరుక్కుని రోజూ జామ్ అవుతుంది. ట్రాప్ తీసిన వెంటనే పైపు నోట్లో గోనెసంచి కుక్కాలి. సిమెంటు పెళ్ళలు పైపులో పడితే మళ్ళీ మొదటికొస్తుంది పని.

బేసిన్ లేచింది. ఏసోబు దాన్ని రెండు చేతులా పట్టుకుని వాకిట్లోంచి మోసుకుపోతుంటే మార్తమ్మ ముఖం తిప్పుకోలేదు. కొడుకునే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఏసోబు మావైపు ప్రతి ఇంట్లో చేసే తప్పే చేయబోయాడు. పాత బేసిన్లను ఒక మెట్టు ఎత్తు గట్టు మీద కడతారు. ఆ గట్టు అట్లాగే ఉంచి దానిమీదే కమోడ్ పెడతారు. చూడ్డానికి సింహాసనంలా ఉంటుంది కానీ కూర్చున్న ముసలివాళ్ళ కాళ్ళు గాల్లో వేలాడతాయి. లేవబోయి ముందుకు పడతారు. నేను చెప్తే ఏసోబు నమ్మలేదు. "గట్టిగా ఉంది గదక్కా గట్టు, పగలగొట్టడమెందుకు?" అన్నాడు.

కొత్త కమోడ్‌ను వాకిట్లో చదును బండ మీద, అదే ఎత్తులో పెట్టించాను. మూత వేసి, మార్తమ్మను వాకర్ మీద నడిపించుకొచ్చి, ఏసోబు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని దానిమీద కూర్చోబెట్టాం. కాళ్ళు నేలకు అందలేదు. బండ తీసేసి మళ్ళీ కూర్చోబెట్టాం. పాదాలు రెండూ నేలకు ఆనాయి. దారిన పోయే ఒకామె ఆగి నోరు తెరుచుకుని చూస్తుంటే, మార్తమ్మ "ఏందే అట్ల జూస్తావ్? కొత్త కుర్చీ కొన్నం" అంది. రూతు నవ్వలేక కింద కూలబడింది. ఏసోబు పోయి గట్టు పగలగొట్టాడు.

గట్టు పోయి, కొత్త పైపు నేలమట్టానికి లేచి, చుట్టూ కాంక్రీటు పడేసరికి సాయంత్రమయింది. నేను తాగిన రెండు గ్లాసుల నీళ్ళు అప్పుడు లెక్కకొచ్చాయి. ఆ ఇంట్లో ఉన్న ఒక్క బాత్రూమూ నేనే దగ్గరుండి పీకించాను! రూతు కాపలా నిలబడితే కందికట్టె వామి వెనక్కి పోయి వచ్చాను. తిరిగి వస్తుంటే మార్తమ్మ "తెలిసిందా?" అంది. తెలిసింది. నాకు ఒక్క పూట, ఆమెకు నెలల తరబడి.

*

కాంక్రీటు గట్టిపడేదాకా ఆమెను ఎర్రగొండపాలెంలో రూతు వాళ్ళ అక్క ఇంట్లో ఉంచారు. చుట్టాలింట్లో ఎక్కువ రోజులు ఉండనని ముందే చెప్పి మరీ పోయింది. నేను మళ్ళీ సెలవు రోజు చూసుకుని పోయేసరికి ఆమె తిరిగొచ్చేసింది. ఏసోబు కమోడ్ అడుగంతా సిమెంటుతో పూడ్చేద్దామన్నాడు, కదలకుండా ఉంటుందని. అట్లా చేస్తే రేపు రిపేరు వచ్చినప్పుడు పగలగొట్టాల్సిందే. నేలకు డ్రిల్లు వేసి స్క్రూలతో బిగించి, అంచు చుట్టూ సన్నగా వైట్ సిమెంటు పూయించాను. రాడ్డును మార్తమ్మ చెయ్యి చాచి ఎక్కడ చూపిస్తే అక్కడ కొట్టాం.

సిమెంటు ఆరాక ఆమె వాకర్ ఆసరాతో తనే లోపలికి పోయింది. తలుపు దగ్గరకేసుకుంది. మేం ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం. చెంబు చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు వినిపించాయి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బయటికొచ్చి మంచం మీద కూర్చుంది.

స్టూలు మీద నీళ్ళ గ్లాసు ఉంది, మూత వేసి. నేను మూత తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఏమనాలో ఆలోచించుకోలేదు, నోటికి వచ్చింది అనేశాను. "తాగు ఆయమ్మా, భయపడబాకు. బాత్రూమ్ ఉంది, నేనుండా."

ఆమె గ్లాసు పట్టుకోబోయి ఆగింది. నా ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూ కళ్ళు పెద్దవయ్యాయి.

"విరేచనాల పిల్లవా నువ్వు!"

ఏసోబు, రూతు ముందరే. నేను తలూపాను.

"ఆ పొద్దు పరీక్షకు పోయినావే గానీ, మళ్ళా నా డ్యూటీ మారిపాయ. పాసయినావో లేదో నాకెవరూ జెప్పలా."

"పాసయినా ఆయమ్మా."

"మంచిది తల్లీ" అని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో ఆపకుండా తాగేసింది. "ఇంకో గ్లాసు పొయ్యే రూతూ" అంది. నేను అటు తిరిగి సామాను సర్దుతున్నట్టు నటించాను.

మార్తమ్మ ఇప్పుడు బాగానే ఉంది, చర్చికి వాకర్ లేకుండా పోతోంది. నేను గల్లా దగ్గర "పీకే మనిషిని చూసుకోండి" అనడం మానేశాను. బేసిన్ మార్చాలని వచ్చిన ఇంటివాళ్ళకే గ్లౌజులు ఇచ్చి, ఉలి ఎట్లా పట్టాలో చెప్పి, మీ ఇంటిది మీరే తీసుకోండి అంటాను. కొందరు మొహం మాడ్చుకుని పోతారు. కొందరు తీసుకుంటారు. ఇదివరకు ముందు మోడలు, రంగు అడిగేదాన్ని. ఇప్పుడు ముందు అడిగేది, అది ఎవరి కోసం అని.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. మా దుకాణం వెనక ఒక బాత్రూమ్ ఉంది. తాళం నా దగ్గరే ఉండేది, నేను తప్ప ఎవరూ వాడేవాళ్ళు కాదు. మార్తమ్మ ఇంటి నుంచి తిరిగొచ్చిన వారమే ఆ తాళం తీసి పక్కన పడేశాను. దూరపు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు దుకాణంలో అడుగు పెట్టగానే ముందు కుండలో నీళ్ళు ముంచి చేతికిస్తాను. చాలామంది "వద్దక్కా, దప్పిక లేదు" అంటారు. వాళ్ళ పెదవులు ఎండిపోయి ఉంటాయి.

"తాగమ్మా, వెనక బాత్రూమ్ ఉంది" అంటాను. అప్పుడు తాగుతారు.